కొండదారి నుంచి వచ్చిన తలగుడ్డ

ఓడ ఉద్యోగంలో దేశాలు తిరిగే మా మనవడు ఈసారి బర్మా రంగం పట్నంలో, సంచౌంగ్ పేటలోని మా ఇంటికి వస్తూ స్విట్జర్లాండు కొండల క్యాలెండరొకటి తెచ్చి నా మంచానికి ఎదురుగా తగిలించాడు. మంచు కప్పిన శిఖరం, దాని మీదికి మెలికలు తిరుగుతూ పోయే రోడ్డు, పైన కాళ్ళకు చెక్కలు కట్టుకుని నవ్వుతూ జారుతున్న జనం. జారడానికి అంత ఎత్తు ఎక్కాలట్రా, వానాకాలంలో మన గడప దిగితే చాలదా అని వాణ్ణి ఆటపట్టించానే గాని, నా చూపు ఆ రోడ్డు దగ్గరే ఆగిపోయింది. కొండను తొలిచి వేసిన దారి కనబడితే ఇప్పటికీ నా చేయి దానంతటదే మణికట్టు తడుముకుంటుంది.

రంగంలో బతికిన నా ఈడువాళ్ళకు అహ్లోన్ బియ్యం మిల్లుల సంగతి చెప్పనక్కరలేదు. ధాన్యం ఉన్నన్నాళ్ళే పని, వానలు పడితే మగవాళ్ళు ఖాళీ. పందొమ్మిది వందల ఇరవైల కాలం, నేను కాపురానికి వచ్చిన కొత్త. టౌంగూ అవతల ఒక కొండమీద దొరలు ఎండాకాలం చల్లగా గడపడానికి, గుర్రాలెక్కి షికార్లు తిరగడానికి బంగళాలు ఉండేవి. అక్కడికి పోయే కంచరగాడిదల బాటను మోటార్లు పోయేంత వెడల్పు చేయాలని, కూలీలను కుదిర్చే మేస్త్రీ మావాళ్ళను తీసుకుపోయాడు. మా ఆయనా, పక్కగది అక్క మొగుడూ జంటగా వెళ్ళారు. ఆవిడ నా తోడబుట్టింది కాదు గాని, నాకు బర్మా మాటలు నేర్పిందీ, మా అత్త కోపం నుంచి కాచిందీ ఆవిడే.

వానలు ముదిరాక కొండచరియ విరిగిపడి మనుషులు పోయారని బజారులో పుకారు పుట్టింది. ఎవరు పోయారో చెప్పే దిక్కు లేదు. మర్నాడు రైల్లో పనిచేసే బర్మా మనిషొకడు మిల్లు గేటు పక్క కొట్లో మా పేరు చెప్పి ఒక గుడ్డ మూట ఇచ్చి, వేళ అయిందని వెళ్ళిపోయాడట. చూడగానే గుర్తుపట్టాను. ఎర్రమట్టి కొట్టుకున్న మా ఆయన తలగుడ్డ, చుట్టి ముడివేసి ఉంది. పరాయిచోట పోయినవాడి తలగుడ్డనే మాలో ఇంటికి పంపుతారు. బతికున్నవాడిది మరొకడి చేతుల్లో ఇల్లు చేరదు.

వరసగదుల ఆడవాళ్ళంతా గొల్లుమంటూ వచ్చి, గాజులు తీయడానికి నన్ను గుమ్మంలో కూర్చోబెట్టారు. అవి ఒకసారి పగిలాయంటే మనిషి తిరిగొచ్చినా కీడు పోదనేవారు. అక్క నా చేయి తన ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న మా అత్త, నన్ను రోజూ సాధించే మా అత్త, లేచి వచ్చి ఆ ముడిని వేళ్ళతో తడిమింది.

“ఆగండే! ఇది నా కొడుకు ఎడంసేత్తో ఏసిన ముడి. సచ్చినోడు ముడేస్తాడేటి? దాని గాజులు ముట్టుకున్నారంటే నానూరుకోను.”

పోకముందు వేసిన ముడేమో అని ఎవరో గొణిగారు. అత్త గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. తను ముద్ద ముట్టలేదు గాని నన్ను కసిరి మరీ తినిపించింది. రైలు కూత వినబడ్డప్పుడల్లా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం మేస్త్రీ వెంట మిగిలినవాళ్ళు దిగారు, వాళ్ళలో మా ఆయన, తలకు గుడ్డ లేకుండా. రాయడం రాక, బతికే ఉన్నానని మాకు తెలియాలని, ఆ గాబరాలో ఆచారం మరిచి తలమీది గుడ్డే విప్పి పంపాడట. అత్త కొడుకును చెంప మీద ఒక్కటి కొట్టి, అప్పుడు ఏడ్చింది. నా ప్రాణం లేచొచ్చింది. ఆయన మాత్రం నా వంక చూడలేదు.

“మీ అన్నేడి మరిదీ, ఎనకాలొస్తన్నాడా?” అంది అక్క, ఇంకా నా గురించిన సంతోషంతో నవ్వుతూనే, దారి వైపు చూస్తూ.

ఆయన తల దించుకున్నాడు. ఆ మట్టి కింద నుంచి మనిషినీ తీయలేకపోయారు, తలగుడ్డా దొరకలేదు. మా అత్త తడిమి చూడటానికి ఆవిడకు ఒక ముడి కూడా మిగల్లేదు.

కొన్నేళ్ళకు ఆ రోడ్డు మీదే మోటారెక్కి పైకి వెళ్ళాం. ఒక మలుపు దగ్గర ఆయన బండి ఆపించి దిగి నిలబడ్డాడు. పక్కనే గడ్డిలో దుప్పటి పరుచుకుని ఎవరో పిల్లలతో ఫలహారం చేస్తున్నారు. వాళ్ళ తప్పేముంది?

ఇప్పుడు ఏ రేవు నుంచైనా మా మనవడి గొంతు ఫోనులో వినబడుతుంది, గుడ్డనూ ముడినీ చూసి చావుబతుకులు తేల్చుకునే గతి పోయింది. మంచిదే. అయినా క్యాలెండరులో ఆ రోడ్డు మలుపు దగ్గర చూపు ఆగినప్పుడల్లా, ఆనాడు అక్క గాజులు తీసే వేళ నేను నా ఒళ్ళో పెట్టుకున్న ఆవిడ చేయి బరువు నాకు తెలుస్తూనే ఉంటుంది.