తీరిక లేని మొక్కజొన్న

మెక్సికో కొండల్లోని మా ఊళ్ళో అందరికంటే ఎత్తున ఉన్న పొలం, మేం గౌరవంగా దోన్యా అని పిలిచే ఎర్మెలిండాది. సెప్టెంబరు చివరికల్లా అక్కడ గడ్డమంచు పడి ఆకు మాడిపోతుంది. అందుకే వాళ్ళమ్మ ఇచ్చిన ఎర్ర కండెల విత్తనమే నలభై ఏళ్ళుగా వేస్తోంది. మొక్క పొట్టి, కండె చిన్నది. కానీ మంచుకి ముందే గింజ గట్టిపడుతుంది.

రెండేళ్ళ కిందట మెక్సికో నగరం నుంచి లెతీసియా అనే పరిశోధక విద్యార్థిని వచ్చి ఆకులు కోసుకెళ్ళింది. ఫలితం చెప్పడానికి మళ్ళీ వచ్చింది. కణంలోని జన్యు పదార్థమంతా కొలిస్తే, దిగువ లోయ మొక్కజొన్నలో కంటే ఈ కొండరకంలో తక్కువట. లోయ రకంలో ఎక్కువున్నది చాలావరకు, తమని తామే నకలు చేసుకుంటూ దొరికినచోటల్లా దూరే ముక్కలట. కణం రెండయ్యే ప్రతిసారీ మొక్క వాటికీ నకలు తీయాలి.

"అంటే పెళ్ళికి పిలవని చుట్టాలు తమ చుట్టాల్ని కూడా వెంటేసుకొచ్చినట్టా?" అంది ఎర్మెలిండా, పెనం మీద రొట్టె తిప్పుతూ. "అందరికీ వడ్డించేసరికి పొద్దు గూకుతుంది."

"మేమూ అలాగే అనుకుంటున్నాం దోన్యా," అంది లెతీసియా. "అందుకే లోయ రకం ఆలస్యంగా పండుతుందని. ఇంకా రుజువు కావాలి."

ఆ ఫలితం వ్యవసాయ కార్యాలయానికీ చేరింది. మార్చిలో అక్కడి వ్యవసాయ ఇంజినీరు ఊరి సభకొచ్చాడు. "మీ మొక్కజొన్నలో సరుకే తక్కువని ల్యాబులో తేలింది. లోయ విత్తనం ఊరికే ఇస్తాం. అందరూ అదే వెయ్యండి" అన్నాడు.

ఎర్మెలిండా లేచింది. "తక్కువుంది కాబట్టే తొందరగా పండుతోంది ఇంజినీరుగారూ. మీరు సగం చదివి వచ్చారు."

"పొలం ఎవరి పేరనుందమ్మా?" అన్నాడాయన.

మరిది పేరనుంది. పట్టా లేనివాళ్ళకి మా సభలో మాట లేదు. కూర్చోమన్నారు. నేనూ లోయ విత్తనానికే చెయ్యెత్తాను.

సెప్టెంబరు ఇరవై నాలుగున మంచు పడింది. మా గింజలు ఇంకా పాలమీదే ఉన్నాయి. వారంలో కండెలన్నీ కుళ్ళాయి. తన ఎర్ర విత్తనమే వేసిన ఎర్మెలిండా పంట అప్పటికే ఎండి నిలబడి ఉంది.

ఇంజినీరు ఒక కాగితం తెచ్చాడు. నష్టానికి కారణం రైతులు ఆలస్యంగా విత్తడమని అందులో రాసుంది. పచ్చి అబద్ధం. ఆయన పంపిన విత్తనాల లారీ వచ్చిన మర్నాడే విత్తాం. అయినా సంతకం చేస్తేనే వచ్చే ఏడు సాయమన్నాడు. అందరం చేశాం.

జనవరిలో ఖాళీ గోనెతో ఆమె గుమ్మంలో నిలబడ్డాను.

"రా ఫిదెన్సియో. సర్కారు విత్తనం అరగలేదా?"

"ఎత్తిపొడవకు దోన్యా. రెండు కుంచాలు చాలు."

"ఎత్తిపొడుపు కాదయ్యా. తప్పు విత్తనానిది, నింద నీ చేతులకి. ఆ నింద నిజమేనని నువ్వే సంతకం పెట్టావు. పోయి ఆ సంతకం కొట్టేయించుకుని రా. ఎంత కావాలంటే అంత కొలుస్తా."

"సాయం ఆపేస్తారు."

"ఏ సాయం?"

కార్యాలయం తొమ్మిదింటికి తెరుస్తారు. ఖాళీ గోనె మడిచి చంకలో పెట్టుకుని బస్సెక్కాను.