వడగళ్లలో గుడారపు గుంజ

కోనసీమ నుంచి వచ్చి కువైట్‌లో, సల్వాలో ఒకరింట్లో పనిచేస్తున్నాను. మొన్న చలికాలం, ఇక్కడివాళ్ల అలవాటు ప్రకారం విడిదికెళ్లిన ఆ కుటుంబంతో ఎడారి గుడారంలో ఉన్నాను. మగవాళ్లు ఊళ్లోకి వెళ్లిన సమయంలో ఎముకలు కొరికే చలిగాలితో వాన, వడగళ్లు విరుచుకుపడ్డాయి. ఇసుక మంచు కురిసినట్టు తెల్లబడింది. నడిమి గుంజ ఊగిపోతుంటే గట్టిగా వాటేసుకున్నాను. దాని పక్కనే మంచంమీద, లేవలేని ముసలావిడ. అమ్మా అన్నట్టు నేను మామా అని పిలిచే మా యజమానురాలు, ఆ ముసలావిడ కూతురు, ఏడుస్తూ నిలబడిపోయింది.

“ఏడిస్తే గుడారం ఆగుద్దా మామా? వచ్చి పట్టుకోండి, యల్లా” అన్నాను, తొందరగా కానీ అంటూ రోజూ ఆమె నన్ను అదిలించే అరబ్బీ మాటతోనే.

వచ్చి, నా చేతులమీద చేతులేసి పట్టుకుంది. వాన వెలిశాక కూడా కొయ్యబారిన నా వేళ్లు గుంజను వదల్లేదు. ఒక్కొక్కటీ ఆమే విడదీసింది.

మర్నాడు మళ్లీ “యల్లా, యల్లా” అంటూ నా వెంటపడింది. ఎందుకో, ఆ మాటకి ఇప్పుడు కోపం రావడంలేదు.