పన్ను లేని ఇంటి రాగిపిండి

ఒక్క మనిషికి సరిపడే దోశపిండి ప్యాకెట్టు చిత్తూరులో ఎవరూ అమ్మరు. అడగని అంగడి లేదు. అందరి దగ్గరా ఉండేది సంసారానికి సరిపడే ప్యాకెట్టే. మొదటిరోజు దోశ. రెండోరోజు పుల్లదోశ. మూడోరోజు దానికే ఊతప్పమని పేరు మార్చి, ఉల్లిపాయలు చల్లి, నన్ను నేను మోసం చేసుకుంటాను. ఆ తర్వాత మూత తీస్తే పిండే నన్ను చూసి పొంగుతుంది. ఈ ఇంట్లో నన్ను చూసి పొంగేది అదొక్కటే కాబట్టి పారెయ్యడానికి మనసు రాదు.

తిరుపతిలో బి.ఏ. చదివాను. డిగ్రీ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. బాగా పరిగెత్తానని సైన్యం ఇచ్చింది. అలా పరిగెత్తిన కాళ్ళలో ఎడమది మోకాలి కిందనుంచి ఒక కొండదారిలో ఉండిపోయింది. మిగతా నేను ఇంటికి వచ్చాను. ఇప్పుడున్నది చేయించి పెట్టిన కాలు. దాన్ని దోమలు కుట్టవు. మా ఊళ్ళో ఇది చిన్న సౌకర్యమేమీ కాదు.

రెండో సౌకర్యం ఇంటిపన్ను. మాజీ సైనికుడు తానే కాపురముండే ఇంటికి పన్ను లేదు. ఏడాదికొకసారి వార్డు సచివాలయం నుంచి ఒకరు వస్తారు. గుమ్మం ముందు నన్ను నిలబెట్టి ఫోటో తీసుకుని, ఈ ఇంట్లో ఉంటున్నది నేనేనని నిర్ధారించుకుని వెళ్తారు. మిగతా ఏడాదంతా ఆ సంగతి అడిగేవాళ్ళు లేరు. ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది.

మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ వీధితో సంబంధాలన్నీ ఆవిడవే. ముఖ్యంగా గంగమ్మ జాతర. ఎండలు ముదిరి, మామిడికాయల బళ్ళు ఊళ్ళోకి రావడం మొదలయ్యే రోజుల్లో మా వీధి నడుమ పెద్ద గంగాళం పెట్టి అంబలి కాస్తారు. ఇంటింటివాళ్ళూ తలా ఇంత రాగిపిండి వేస్తారు. అంతకు ముందు ఒక సాయంత్రం అందరూ ఎదురింటి అరుగు మీద కూర్చుని ఎవరు ఎంత వెయ్యాలో, పోయినేడు ఎవరు ఎంత ఎగ్గొట్టారో తేల్చుకుంటారు. మా ఆవిడ ఆ సాయంత్రం గొంతు బొంగురుపోయి ఇంటికి వచ్చేది. ముఖం మాత్రం వెలిగిపోతుండేది. నేను లోపల కూర్చుని పేపరు చదువుకునేవాణ్ణి. మనకెందుకులే ఈ రాగిపిండి రాజకీయం అనుకునేవాణ్ణి.

ఆవిడ చనిపోయిన ఏడు మైల కనుక మా ఇంటిని ఎవరూ అడగలేదు. అది పద్ధతే. ఆ మరుసటి ఏడు ఎదురింటాయన కొత్త పద్ధతి తెచ్చాడు. ఆయనకు మామిడికాయల మండీ ఉంది. లెక్క అంటే ప్రాణం. ఏటా ఈ గొడవెందుకు, ఎవరి ఇంటిపన్ను రసీదు వాళ్ళు తెండి, పన్ను ఎంత పెద్దదైతే పిండి అంత ఎక్కువ అన్నాడు. ప్రభుత్వమే కొలిచి వేసిన లెక్క గనక ఎవరూ నోరెత్తలేకపోయారట. నా దగ్గరికి రసీదు కోసం కూడా రాలేదు. నా పన్ను సున్నా అని వీధంతటికీ తెలుసు. పన్ను సున్నా కాబట్టి పిండి సున్నా. పిండి వెయ్యని ఇంటికి అరుగు మీద పనేముంది? ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. లెక్క సరిగ్గానే ఉంది.

జాతర రోజు అంబలి మా ఇంటికే వచ్చింది. స్టీలు చెంబులో, మజ్జిగా ఉల్లిపాయలూ కలిపి, పైన మూత పెట్టి, జ్వరంతో ఉన్నవాడికి పంపినట్టు. బాగుంది. వీధిలో అందరూ నిలబడి తాగుతున్నారు కదా అని నేనూ వంటింట్లో నిలబడే తాగాను.

ఈ ఏడు జాతర దగ్గరపడుతుంటే నాకొకటి తోచింది. అందరిలాగా పన్ను కట్టేస్తే సరిపోతుంది. రసీదు వస్తుంది, రసీదుకు తగ్గ పిండి వస్తుంది, దాంతో అరుగు మీదికి పిలుపు వస్తుంది. ఒక పిలుపు కోసం ఇంత దూరం ఆలోచించినవాణ్ణి, నేరుగా వెళ్ళి అడగవచ్చు కదా అంటే, అడిగించుకోవడం వేరు, అడగడం వేరు.

సచివాలయంలో కూర్చున్న అమ్మాయి కంప్యూటరులో చాలాసేపు వెతికింది.

"మీకు పన్ను లేదు సార్."

"తెలుసమ్మా. అదే కడదామని వచ్చినా."

"లేనిది ఎట్ల కడతారు సార్?"

పన్ను ఎక్కువేశారని పోట్లాడేవాళ్ళను రోజూ చూస్తుంది. నాలాంటి కేసు ఆమెకు శిక్షణలో చెప్పినట్టు లేదు. లోపలికి వెళ్ళి ఎవరినో అడిగి వచ్చింది. ఇల్లు బాడుగకిచ్చి నేను వేరే చోటికి వెళ్ళిపోతే పన్ను పడుతుందని చెప్పింది. అంటే ఆ వీధిలో అందరిలాంటి మనిషిని కావాలంటే ముందు ఆ వీధిలో ఉండకూడదు. నీళ్ళ సీసా చేతికిచ్చి, ఎండలో నడిచి రావద్దు సార్, ఫోటోకు మేమే వస్తాం కదా అంది. మంచి పిల్ల.

ఇక రసీదు సంగతి వదిలేసి మిల్లుకు వెళ్ళి రాగులు ఆడించాను. ఎంత వెయ్యాలో తెలియదు. మా ఆవిడ ఎంత వేసేదో ఎప్పుడూ చూడలేదు. సంచీ నిండేదాకా ఆడించాను.

సాయంత్రం ఎదురింటి అరుగు నిండా జనం చేరారు. ఎవరో ఎవరినో పోయినేడు పొట్టు కలిపిన పిండి వేశావని నిలదీస్తున్నారు. వాళ్ళ గొంతులు మా గేటు దాకా వినిపిస్తున్నాయి. నేను సంచీ పట్టుకుని రోడ్డు దాటాను.

నన్ను చూసి అందరూ లేచారు. కూర్చోమన్నాను, కూర్చోలేదు. లోపలినుంచి చేతుల కుర్చీ వచ్చింది, మండీ ఆయన పైపంచెతో దాన్ని తుడిచాడు. నేను కూర్చున్నాక వాళ్ళు కూర్చున్నారు. పొట్టు మాట ఎటుపోయిందో తెలియదు. ఒకాయన బార్డర్లో చలి ఎట్లుంటుంది సార్ అని అడిగాడు. ఈ ఎండల్లో దాన్ని తలుచుకోవడం కూడా హాయిగా ఉంటుందన్నాను. నవ్వారు. సంచీ ముందుకు జరిపాను.

మండీ ఆయన రెండు చేతులూ జోడించాడు. "మీరు ఇచ్చే పని లేదు సార్. మీరు దేశానికే ఇచ్చేసినారు."

"దేశానికిచ్చింది కాలే కదప్పా. పిండి ఇంకా ఇయ్యలేదు."

మళ్ళీ నవ్వారు. ఆ నవ్వు అయిపోయాక కాఫీ వచ్చింది, తాగాను. ఇంకో జోకు కోసం వెతికాను. దొరికింది కూడా. చెప్పలేదు. పనుందని లేచాను. అందరూ మళ్ళీ లేచారు. సంచీ నేను మరిచిపోయినట్టు అక్కడే వదిలేశాను.

రోడ్డు దాటి గేటు గడియ వేస్తుండగా వెనక నుంచి పొట్టు గొడవ ఎక్కడ ఆగిందో అక్కడినుంచే మొదలైంది. ఈసారి ఇంకా గట్టిగా. ఎవరో ఆడమనిషి గొంతు బొంగురుపోతోంది. ఆ గొంతు మా ఆవిడదేమోనని ఒక్క క్షణం ఆగాను. కాదు.

కాసేపటికి పక్కింటి అక్క వచ్చింది. పాలు పోస్తుంది, నాకంటే పెద్దది, మా ఆవిడకు అరుగు మీద జోడీ. చేతిలో నా సంచీ ఉంది. గుమ్మంలో దించి, చేతికంటిన పిండి కొంగుకు తుడుచుకుంది.

"తెలిసి మర్సిపోయినావా, తెలీక మర్సిపోయినావా?"

తెలిసే మరిచానన్నాను. కూర్చోమంటే కూర్చోలేదు. గేదెకు నీళ్ళు పెట్టాలంది. అయినా కదల్లేదు. అప్పుడు అడిగేశాను, పన్ను కట్టేవాళ్ళకే ఆ అరుగు అని ఎవరు రాశారు, పన్ను లేకపోతే పిలవకూడదా అని. నవ్వుతూనే అడిగాను. నాకు ఇంకోరకంగా అడగడం రాదు.

"పన్నుకేముండాదప్పా? నువ్వొస్తే అందురూ లేసి నిలబడాల. నీ ముందర ఎవురూ ఒక మాట గట్టిగా అనుకోలేరు. కొట్లాడుకోకుంటే మా జాతర యాడ జరుగుతాది?"

చెంగు దులుపుకుని మెట్లు దిగింది. గేటు దగ్గర వెనక్కి తిరిగింది.

"పిలిస్తే వస్తావనే పిలవలా."