పదకొండు శనివారాల గుడ్డు

స్తమెంకకి రైళ్ళ గురించి తెలియనిది లేదు, ఎక్కడం తప్ప.

వల్యెవో పట్నం దాటాక వచ్చే మొదటి పల్లె పక్కన రైల్వే గేటు ఉంది. దాని కాపలా పగలు స్తమెంకది, రాత్రి ఆమె మొగుడు మిలోయెది. గంట మోగగానే ఇనప పిడి తిప్పి గేటు వేయాలి, జెండా పట్టుకుని నిలబడాలి, బండి పోయాక మళ్ళీ ఎత్తాలి. పాత నారోగేజ్ లైను ఉన్నప్పుడూ అదే పని, పదేళ్ళ కిందట సముద్రం దాకా కొత్త లైను పడ్డాకా అదే పని. వేసవి వస్తే బెల్‌గ్రేడ్ జనమంతా టోపీలూ గాలి దిండ్లూ పట్టుకుని ఆమె కళ్ళ ముందునుంచే సముద్రానికి పోయేవారు. రైల్వేవాళ్ళు ఏటా ఇచ్చే ఉచిత పాసు మాత్రం ఆమె సొరుగులో నలక్కుండా పడి ఉండేది. ఎందుకు వెళ్ళవని ఎవరైనా అడిగితే, "నేనెక్కితే గేటు ఎవరేస్తారు, నీ బాబా?" అనేది. అంతటితో అడిగినవాడి నోరు మూతపడేది.

అలాంటి మనిషి ఇంటికి జూన్ నెలలో ఒక సోమవారం నాడు సుతోమోరె నుంచి ఉత్తరం వచ్చింది. సుతోమోరె సముద్రం ఒడ్డున ఊరు. కోడలు యాగొద పుట్టిల్లు అక్కడే. యాగొద తల్లి వసిలియకి కడుపులో గడ్డ లేచింది, వచ్చే వారం బుధవారం ఆపరేషన్. డాక్టర్లు ధైర్యం చెప్పలేదట, అలాగని భయపెట్టనూ లేదట. ఆ రెండిటి మధ్య ఏముంటుందో అందరికీ తెలిసిందే.

"ఆదివారం బండికి పోతాను, అత్తయ్యా," అంది యాగొద. చంటిపిల్ల నేదకి అప్పటికి రెండున్నర నెలలు. "అమ్మ దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు."

"పాలు తాగే పిల్లతో పది గంటల ప్రయాణమా? నీకేమైనా మతిపోయిందా?" స్తమెంక గయ్‌మంది. "నీ మొగుడు రాదిషాకి ఫ్యాక్టరీలో సెలవు ఆగస్టులో గాని రాదు. ఒక్కదానివే పోతావా? ఆ రైలు పెట్టెల్లో ఈ కిటికీ తీసేవాడొకడు, ఆ కిటికీ తీసేవాడొకడు. మధ్యలో గాలి ఈడ్చి కొడుతుంది. మీ అమ్మ ఎక్కడికీ పోదులే. గాలి తగిలిందంటే పోయేది పిల్లే!"

యాగొద పిల్లని భుజాన వేసుకుని లోపలికి పోయింది. స్తమెంక మాత్రం నిలబడ్డచోటే నిలబడిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ జారిన మాట అసలు తనది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఇదే వంటింట్లో, ఇదే పొయ్యి పక్కన, తన అత్తగారన్న మాట అది. "మీ అమ్మ ఎక్కడికీ పోదులే. గాలి తగిలిందంటే పోయేది పిల్లాడే." అప్పుడు రాదిషా నెలల పిల్లాడు. స్తమెంక తల్లి పిరొత్ కొండల్లో మంచాన పడి ఉంది. స్తమెంక వెళ్ళలేదు, వెళ్ళనివ్వలేదు. మార్చిలో తల్లి పోయింది.

అత్తా ఒకింటి కోడలే అని లోకం అంటుంది. ఆ సంగతి అత్తకి గుర్తు రావాలి కదా! స్తమెంకకి వెంటనే గుర్తొచ్చింది, అదొక్కటే ఆమె అదృష్టం. మర్నాడు పొద్దున్నే అటక మీంచి పెట్టె దించి, దుమ్ము దులిపి, కోడలి మంచం పక్కన ధబ్బున పెట్టింది.

"ఏడుస్తూ కూర్చోకు. గుడ్డలు తే, సర్దుదాం," అంది.

సర్దడమా అది! ఐదు రోజులు ఇల్లు ఇల్లులా లేదు. నాలుగు డజన్ల పొత్తిగుడ్డలు ఉడకబెట్టి, రెండు పక్కలా ఇస్త్రీ చేసింది. చామంతి కషాయానికి పువ్వులు, దిష్టి తగలకుండా ఎర్రదారం, పొత్తిళ్ళలో దోపడానికి వెల్లుల్లిపాయ, పిల్ల ఒళ్ళు కడగడానికి మన బావి నీళ్ళే ఉండాలని రెండు సీసాలు, కిటికీ సందుల్లో కూరడానికి పాత దుప్పటి చింపిన పీలికలు. దారిలో తినడానికి జున్ను పెట్టి కాల్చిన రొట్టె ఒక పళ్ళెం, కాల్చిన కోడి ఒకటి, అది చాలకపోతే ఇంకొకటి. ఇంత చేసి పెట్టె మూత పడకపోతే మిలోయెని పిలిచి దానిమీద కూర్చోమంది.

"అత్తయ్యా, నేను చూడటానికి పోతున్నానా, కాపరానికి పోతున్నానా?" అంది యాగొద. ఉత్తరం వచ్చాక మొదటిసారి నవ్వింది.

"నీకేం తెలుసు? బండి దారిలో ఆగిపోతే?"

"ఆగిపోతే బండిలో అందరికీ భోజనం పెట్టి, మిగిలింది డ్రైవరుకి ఇస్తాను."

పెట్టె మీద కూర్చున్న మిలోయె పొట్ట పట్టుకుని నవ్వాడు. స్తమెంక ఇద్దరినీ కలిపి తిట్టింది. తిడుతూనే ఇంకో రొట్టె ముక్క కట్టింది.

యాగొద అత్తని ఒక్కటే కోరింది. "పిల్లని ఇంతవరకూ ఎవరింటికీ తీసుకెళ్ళలేదు కదా. ఈ రెండ్రోజులూ ఎవరి గడపా తొక్కించొద్దు. మొదటి గుడ్డు అమ్మ చేతి మీదుగా ఇప్పించాలని ఉంది. చుక్కల కోడి పెట్టిన గుడ్డు తీసి ఉంచిందట, ఉత్తరంలో రాయించింది."

పసిపిల్ల తొలిసారి ఏ ఇంటి గడప దాటితే ఆ ఇంటి ఇల్లాలు చేతిలో గుడ్డు పెట్టి దీవించాలి. ఆ పల్లెలో అయినా సముద్రం ఒడ్డున అయినా అంతే. తర్వాత ఎన్ని ఇళ్ళు తిరిగి ఎన్ని గుడ్లు తెచ్చుకున్నా మొదటి గుడ్డు మొదటి గుడ్డే. కోడలి మాట విని స్తమెంక మొహం తిప్పుకుంది. "నేనేమైనా ఊరు తిప్పుతానా దాన్ని?" అని మాత్రం అంది.

శనివారం మధ్యాహ్నం మిలోయె టికెట్టుకి పట్నం పోయాడు. యాగొద తలంటుకుంటోంది. స్తమెంక పిల్లని ఎత్తుకుని గేటు దగ్గర కాపలా ఉంది. ఫ్లాస్కు ఒకటి కావాలని గుర్తొచ్చి, పక్కింటి కోసార కంచె దగ్గరికి నడిచింది. గడప దాటలేదు సుమా, కంచె ఇవతలే నిలబడింది.

"వదినా, నీ ఫ్లాస్కు ఇయ్యి. కోడలు తిరిగొచ్చాక తెచ్చిస్తాను."

"ఫ్లాస్కుదేముందిలే గాని, ఏదీ, పిల్ల మొహం చూడనీ! దీన్ని పెట్టెలో పెట్టి దాచావా ఏంటి ఇన్నాళ్ళూ?" కోసార చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

సరిగ్గా అప్పుడు గేటు గదిలో గంట మోగింది. గంట మోగితే స్తమెంక చేతులు బుర్రని అడగవు. ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు ఉడుకుతున్న చారు వదిలేసింది, సగం అల్లిన జడ వదిలేసింది, ఒకసారి చర్చి పాదిరీని ప్రార్థన మధ్యలో వదిలేసి పరిగెత్తింది. ఇప్పుడు చేతిలో ఉన్నది పిల్ల. కంచె మీదుగా పిల్లని కోసార చేతుల్లో పెట్టి పరుగున పోయి పిడి తిప్పింది. సముద్రం బండి గాలి కొట్టుకుంటూ పోయింది. పచ్చజెండా పట్టుకుని నిలబడి, బండి తోక కనుమరుగయ్యాక గేటెత్తింది. అప్పుడు చేతుల కేసి చూసుకుంది.

వెనక్కొచ్చేసరికి కంచె దగ్గర ఎవరూ లేరు. కోసార వంటింట్లోంచి బయటికొస్తోంది, పిల్లని గుండెకి హత్తుకుని. పొత్తిళ్ళలో వెల్లుల్లిపాయ పక్కన తెల్లటి గుడ్డు.

"బండి గాలి చల్లగా కొట్టింది వదినా, లోపలికి తీసుకెళ్ళా. ఎంత బుద్ధిగా చూసిందనుకున్నావు! గుడ్డు బుగ్గలకి రాసి, 'దీనంత తెల్లగా తల నెరిసేదాకా బతకవే తల్లీ' అని దీవించాను."

"నీ దుంప తెగ! ఎవరు దీవించమన్నారే నిన్ను?" స్తమెంకకి ఏడుపొచ్చింది. "గుడ్డు తీసేసుకో. పిల్ల రాలేదు, నువ్వివ్వలేదు. సరేనా?"

కోసార మొహం ఎర్రబడింది. "ఇచ్చిన గుడ్డు వెనక్కి తీసుకునే వంశం కాదు మాది. పసిపిల్ల నోటి దగ్గరది లాక్కున్నానని రేపు ఊళ్ళో చెప్పుకోనా?"

చెప్పుకోనక్కర్లేదు, ఎలాగూ చెబుతుంది. కోసార నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి చర్చి మెట్ల దాకా తెలిసిపోతుంది. అయినా స్తమెంకకి ఒక్క క్షణం పాడుబుద్ధి పుట్టింది. ఆప్రాన్ జేబులో గుడ్డు దాచేస్తే? రేపు పొద్దున బండెక్కేదాకా కోడలికి తెలియకుండా ఉంటే చాలు కదా? అక్కడ వియ్యపురాలు సంతోషంగా గుడ్డిస్తుంది, ఎవరికి నష్టం? ఇంటిదాకా నడిచినంతసేపూ అదే లెక్క వేసుకుంది.

యాగొద తడితల తువ్వాలుతో తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడి ఉంది. ముందు తలుపూ వెనక తలుపూ రెండూ తెరిచే ఉన్నాయి, మధ్యలో గాలి ఈడ్చి కొడుతోంది. అయినా స్తమెంక తిట్టలేదు. అది చూసే యాగొదకి భయం వేసింది.

"ఏమైంది అత్తయ్యా? పిల్లకేమైంది?"

"పిల్ల బాగానే ఉంది. నేనే ముదనష్టపుదాన్ని." జేబులోంచి గుడ్డు తీసి బల్లమీద పెట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పింది.

యాగొద మొహం పాలిపోయింది. "ఒక్కటే కదా అడిగాను," అంది మెల్లగా. "ఇంకేమైనా అడిగానా మిమ్మల్ని? అమ్మకి ఇంకేం మిగిలింది ఇవ్వడానికి?"

అరిచి ఉంటే స్తమెంక కూడా అరిచేది, గొడవ అక్కడితో పోయేది. కోడలు అరవలేదు. దాంతో స్తమెంక కుర్చీలో కూలబడి, ఇరవై ఎనిమిదేళ్ళుగా మొగుడికి కూడా చెప్పనిది చెప్పింది.

"మా అమ్మ కూడా తీసి ఉంచింది, రాదిషా కోసం. మంచం మీంచి లేవలేదు. పక్కింటామెని పిలిచి, మంచం పక్క మట్టిగిన్నెలో గుడ్డు పెట్టించుకుంది. శనివారం శనివారం పాతది తీయించి తాజాది పెట్టించేదట, మనవడొచ్చే వేళకి గుడ్డు పాడవకూడదని. అలా పదకొండు శనివారాలు. అమ్మ పోయిన నలభయ్యో రోజు ప్రార్థనకి నేనొక్కదాన్నీ వెళ్ళాను. గిన్నె అక్కడే ఉంది. ఆఖరి గుడ్డు అందులోనే ఉంది. ఎవరికీ తీయడానికి చేతులు రాలేదంట."

పిల్ల సన్నగా ఏడవడం మొదలుపెట్టింది. యాగొద ఎత్తుకుని ఊపుతూ గదిలో రెండుసార్లు తిరిగింది. బల్ల దగ్గర ఆగింది.

"పదకొండో గుడ్డు ఏం చేశారు అత్తయ్యా?"

"ఏం చేస్తాను? అమ్మ పక్కన పాతిపెట్టాను."

యాగొద బల్లమీది గుడ్డు తీసి, అత్త చెయ్యి పట్టుకుని అరచేతిలో పెట్టింది. "అయితే ఇది కోసార పిన్నిది కాదు. మీ అమ్మది. రావడం ఆలస్యమైంది, అంతే. పిల్లకి మీరే ఇవ్వండి, మీ చేత్తో. ముందు ముత్తవ్వ, తర్వాత అమ్మమ్మ. వరస సరిగ్గానే ఉంది. అమ్మకి నేను చెబుతాను."

స్తమెంక మనవరాలి బుగ్గలకి గుడ్డు రాసి పొత్తిళ్ళలో పెట్టింది. దీవెనకి బదులు, "ఆ వెనక తలుపు వెయ్యవే ముందు! తడితలతో నిలబడ్డావు, జలుబు చేస్తే పిల్లకి పాలెవరిస్తారు?" అంది. అప్పుడు యాగొద స్థిమితపడింది.

ఆదివారం రాదిషా భార్యనీ బిడ్డనీ పట్నం స్టేషనుకి తీసుకెళ్ళి బండెక్కించాడు. స్తమెంక వెళ్ళలేదు, గేటు వదిలి ఎలా వెళ్తుంది? గంట మోగగానే గేటు వేసి, ఒక చేత్తో జెండా, రెండో చేత్తో నీళ్ళ బకెట్టు పట్టుకుని నిలబడింది. ప్రయాణమయ్యేవాళ్ళ వెనక నీళ్ళు పోయాలి, దారి నీళ్ళలా సాఫీగా సాగాలని. గుమ్మంలో పోసే నీళ్ళు ఈమె పట్టాల మీద పోయదలిచింది.

బండొచ్చింది. మూడో పెట్టెలో కిటికీ బార్లా తెరిచి ఉంది. యాగొద నేదని ఎత్తి పట్టుకుని చూపిస్తోంది, జుట్టు గాలికి లేచిపోతోంది.

"కిటికీ! ఒసేయ్, కిటికీ మూయ్!" అని అరుస్తూ స్తమెంక బండి వెంట నాలుగడుగులు పరిగెత్తింది. ఏడుస్తోందో తిడుతోందో ఆమెకే తెలియదు. ఆఖరి పెట్టె దాటాక బకెట్టుడు నీళ్ళు పట్టాల మీద కుమ్మరించింది. గేటవతల ట్రాక్టరువాడు హారన్ మోగించాడు.

"ఆగరా! నా మనవరాలు ప్రయాణమైంది," అంది. బండి చప్పుడు పూర్తిగా ఆగేదాకా గేటెత్తలేదు.

సాయంత్రం గేటు గదిలో ఫోను మోగింది. స్టేషన్ గుమస్తా.

"స్తమెంకా, సుతోమోరె స్టేషను నుంచి కబురు. మీవాళ్ళు క్షేమంగా చేరారు. ఒకే గిన్నెలో రెండు గుడ్లూ పెట్టారని నీకు చెప్పమన్నారు. నాకేం అర్థం కాలేదు. ఏంటా గుడ్లు?"

"ఒకటి మా వియ్యపురాలిది," అంది స్తమెంక. "ఇంకోటి మా అమ్మది."

"మీ అమ్మ ఇంకా ఉందా? నాకు తెలీదే!"

"అవన్నీ నీకెందుకు? వచ్చే బండెప్పుడో చెప్పు," అంది ఆమె, ఆప్రాన్ అంచుతో ముక్కు తుడుచుకుంటూ.