నేను విప్పేసిన జేబు

1955 ఎండాకాలం. లాడ్ బజార్ వెనక సందులో నేను దర్జీ దుకాణం పెట్టి అప్పటికి పదకొండేళ్లు. ఒక మిషను, ఒక బల్ల, గోడకు ఆనించిన చెక్క బెంచీ, అంతే. గాజుల కొట్లవాళ్ల పిల్లల బట్టల నుంచి పెళ్లి షేర్వానీల దాకా అన్నీ కుట్టేవాణ్ణి. చేతిలో పని ఉందన్న పొగరు కాస్త ఎక్కువే ఉండేది. గిరాకీలు ఏదైనా చెప్పబోతే సగంలోనే ఆపి, నాకు వదిలేయమనేవాణ్ణి. ఆ అలవాటు ఎంత పని చేసిందో చెప్పాలి.

ఆ వైశాఖంలో ఒక మధ్యాహ్నం సత్యమ్మ వచ్చింది. ఆమె భర్త పత్తర్‌గట్టిలో ఒక బట్టల కొట్లో గుమాస్తా. చలికాలంలో విషజ్వరంతో పోయాడు. ఆమె చేతిలో ఆయన పాత మల్మల్ లాల్చీ ఉంది, ఒకప్పుడు నేను కుట్టిందే. తండ్రి పోయినప్పటి నుంచి ఆరేళ్ల కూతురు పద్మ గడప దాటడం లేదట. బడికి పంపబోతే గుమ్మం పట్టుకుని ఏడుస్తుందట. మొన్న ఈ లాల్చీతో అంగీ కుట్టిస్తే బయటికి వస్తానని తనే అడిగిందట.

"బయటికి వస్తదేమోనని ఒక్కటే ఆశ అన్నా. చేతుల్లేకుండ, ఎండకు చల్లగుండేటట్టు కుట్టు. గా జేబు మాత్రం..."

"పాత బట్ట సంగతి నాకెరికే చెల్లె. ఇగ నాకిడిసిపెట్టు" అన్నాను.

ఆమె లాల్చీ బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

కొత్త బట్ట కంటే పాత బట్ట కుట్టడం కష్టం. ముందు వెలుతురుకు ఎత్తి పట్టి చూడాలి. లాల్చీ మొదట భుజాల దగ్గర, వీపు మీద పలచబడుతుంది. చెమట, ఎండ అక్కడే ఎక్కువ తగులుతాయి. అడుగు భాగం బాగానే ఉంటుంది. ఎండ మొహం చూడని పక్కజేబు లోపలి సంచి అన్నిటికంటే గట్టిగా ఉంటుంది. అంగీకి ముందూ వెనకా అడుగు భాగంలోంచి తీశాను. యోక్ అంటే భుజాల మీద వేసే ముక్క, అంగీ బరువంతా మోసేది అదే. దానికి గట్టి బట్ట కావాలని జేబు విప్పి, సంచిని రెండు చేసి రెండు భుజాలకూ వేశాను. జేబు మూతి దగ్గర అంచు మాత్రం బాగా అరిగి నున్నగా ఉంది. పనికిరాదని కత్తిరించి పారేశాను. మెడకు, చంకలకు పట్టీలు వేసి, కింద అంచు మడిచి చేత్తో తుర్పాయి చేశాను. కొక్కేనికి తగిలించి నా పనితనం నేనే రెండుసార్లు చూసుకున్నాను.

మూడో రోజు సత్యమ్మ కూతుర్ని ఎత్తుకునే వచ్చింది. పిల్ల తల్లి మెడలో మొహం దాచుకుని ఉంది. బెంచీ మీద నిలబెట్టి అంగీ తొడిగాక మెల్లగా కిందికి దిగింది. నాలుగడుగులు వేసి సందులోకి తొంగి చూసింది. అప్పుడు పిల్ల కుడిచెయ్యి పక్కకుట్టు వెంట కిందికి జారింది. అక్కడ వెతికింది. రెండో పక్కా వెతికింది. నా వైపు తిరిగింది.

"జేబేది?"

సత్యమ్మ అప్పుడు చెప్పింది. చార్మినార్ దగ్గర జనంలోకి వెళ్లినప్పుడు ఆయన పిల్ల చెయ్యి తన జేబులో పెట్టించుకునేవాడట. జేబుల చెయ్యి ఉన్నంతసేపు తప్పిపోవు బిడ్డా అనేవాడట.

"గదే చెప్పబోయిన అన్నా" అంది. గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా నాకు బాగుండేది. నేను పారేసిన ఆ నున్నటి అంచు ఎవరి చేతి రాపిడికి అరిగిందో అప్పుడు తెలిసింది.

పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. "మీ బాపు జేబు యాడికి పోలేదు బిడ్డా. గిదిగో, నీ భుజం మీదనే ఉన్నది" అన్నాను.

పద్మ చెయ్యెత్తి భుజాన్ని తడిమింది. కుట్టు వెంట వేళ్లు పోనిచ్చి మళ్లీ నన్ను చూసింది.

"మరి చెయ్యెట్ల పెట్టాలె?"

లాల్చీ చేతుల్లో మిగిలిన ముక్కతో అప్పటికప్పుడు ఒక జేబు కుట్టి పెట్టాను. పిల్ల అందులో చెయ్యి పెట్టి, తీసేసి, తల్లి వైపు చేతులు చాచింది. వచ్చినట్టే వెళ్లారు.

వానలు పడ్డాక వాళ్లు సత్యమ్మ పుట్టింటికి వెళ్లిపోయారని విన్నాను. పద్మ నడిచి వెళ్లిందో, ఎత్తుకునే తీసుకెళ్లారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ తర్వాత ఎవరు పాత బట్ట తెచ్చినా కత్తెర పక్కన పెట్టి, ఇందులో ముట్టుకోకూడనిది ఏమన్నా ఉందా అని అడుగుతున్నాను. చాలామంది నవ్వుతారు. నవ్వనివాళ్లు ఒకచోట వేలు పెట్టి చూపిస్తారు. ఎందుకని అడగను. అక్కడ కత్తెర పెట్టను.