బందున్న మగ్గం, ముక్కులో నలుపు

2021 ఎండాకాలం. కరోనా రెండో అల తగ్గుతోందని ఊపిరి పీల్చుకునేలోపే సూరత్‌లో మా ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగానికి, అంటే చెవి, ముక్కు, గొంతు చూసే చోటికి, కొత్త తంటా వచ్చిపడింది. పేపర్లు బ్లాక్ ఫంగస్ అన్నాయి, మేము మ్యూకర్ అనేవాళ్లం. మట్టిలో, గాలిలో ఎప్పుడూ ఉండే బూజే. షుగర్ అదుపు తప్పి, పైగా కరోనాకు వాడిన స్టెరాయిడ్లతో ఒంటి సత్తువ పడిపోతే, ముక్కులో పాగా వేసి కంటికీ మెదడుకీ పాకుతుంది. అక్కడ నేను స్టాఫ్ నర్సును. నోరు కాస్త పెద్దదని పేరు.

ఒక పొద్దున ఊరి శివారు భేస్తాన్ నుంచి రాజేశం, ఆయన భార్య భాగ్య వచ్చారు. సిరిసిల్ల వైపు వాళ్లు. ఇద్దరూ మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాళ్లే. నా తెలుగు వినగానే రాజేశం మాస్కు దించి నవ్వాడు, అదీ సగం ముఖంతోనే. ఎడమ చెంప వాచి ఉంది.

"ఏమైందన్నా?"

"ఏం గాలేదక్కా. జర చెంప తిమ్మిరెక్కింది. ముక్కులకెల్లి నల్లగొస్తున్నది. అది మగ్గం కాడి దారం దుమ్ము. ఈమెనే ఊకె లొల్లి జేసి పట్కొచ్చింది."

ఆ మాట నాకు వింతగా అనిపించలేదు. మా నాన్నా మరమగ్గం మనిషే. మగ్గం మీద ఏ రంగు దారం నడిస్తే, సాయంత్రం ముక్కు చీదినప్పుడు ఆ రంగే వస్తుంది. నాన్న చేతిరుమాలు చూసి ఆ రోజు ఏం నేశాడో చెప్పేవాళ్లం. ఆ అలవాటు కొద్దీ అడిగాను.

"ఇప్పుడేం రంగు నడుస్తున్నది?"

"నల్లదే అక్కా."

భాగ్య నెత్తి కొట్టుకుంది. "ఏం నల్లదయ్యా? కరోనా వచ్చినకాడికెల్లి మంచం దిగినవా నువ్వు? కార్ఖానా మొఖం జూసినవా? దుమ్ము యాడికెల్లొస్తది?"

రాజేశం నోరు తెరిచాడు. ఎలాగూ తెరిచాడు కదా అని టార్చి వేశాను. అంగిట్లో ఎడమవైపు నల్లటి మచ్చ! షుగర్ చూస్తే మీటరు అంకె చూపించడం మానేసి "హై" అంది.

"షుగర్ గోళీలు ఏస్కుంటున్నవా?"

"జరం తగ్గింది గదాని అన్నీ బంద్ జేసిన."

ఒళ్లు మండిపోయింది. "మగ్గం బంద్ జేస్తరు గానీ గోళీలు బంద్ జేస్తరా అన్నా!"

డాక్టర్ ముక్కులోకి కెమెరా పంపి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. మ్యూకరే. ఇంకా కంటికి ఎక్కలేదు, ఆలస్యం చేస్తే ఎక్కుతుంది. ఆ పక్క పై దవడ కొంత తీసేయాలి. రాజేశం నా చెయ్యి పట్టుకున్నాడు. "కన్ను పోతదా అక్కా? తెగిన పోగు ఎట్ల అతకాలె నేను?"

"పండ్లు పోతె పోనియ్యి, బువ్వ పిసికి పెడ్త. కన్ను ఉంచుకో," అని భాగ్య కలం చేతికిచ్చి ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టించింది.

ఆపరేషన్‌లో అంగిలి కొంత పోయింది గానీ కన్ను దక్కింది. ఆ రోజు నేను స్టోర్‌రూమ్‌లోకి వెళ్లి హాయిగా ఏడ్చాను. అంగిట్లో ఖాళీని మూసే ప్లేటును ఆబ్చురేటర్ అంటారు. అది తయారయ్యేదాకా మాట ముక్కులోంచి గాలిలా పోతుంది. వాళ్లకేం బాధ? మగ్గాల హోరులో మాట వినపడదు గనుక కార్ఖానాలో అందరూ చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు. మంచం మీద ఆయన, వార్డు తలుపు దగ్గర ఈమె, పొద్దస్తమానం చేతులతోనే పోట్లాట. నాన్న దగ్గర నేర్చిన ఆ సైగలు నాకూ వచ్చని తెలియక నా మీద చాడీలు కూడా! ఒకసారి చక్కెర చాయ్ తెమ్మని భార్యకు సైగ చేశాడు. నేను ముందుకొచ్చి పిడికిలి పైకెత్తాను. మగ్గం ఆపమని దానర్థం. రాజేశం దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

ఆ అక్టోబరులో, సూరత్ అంతా ఘారీ తినే చాందనీ పడ్వా పండక్కి, రాజేశం అంగిట్లో ప్లేటుతో, రెండు కళ్లతో, ఘారీ మిఠాయి డబ్బాతో వచ్చాడు.

"నాకా, నీకా?" అన్నాను.

"మీకే అక్కా. నేనొక్క ముక్క..." అంటూ డబ్బాలో చెయ్యి పెట్టాడు. మందుల వరసలో దూరంగా నిలబడ్డ భాగ్య పిడికిలి పైకి లేచింది. ఆయన చెయ్యి బుద్ధిగా వెనక్కి వచ్చింది.

అప్పటినుంచి షుగర్ ఉన్నవాళ్లు జలుబే అన్నా, దుమ్మే అన్నా, నేను వాళ్లను మాత్రమే అడిగి ఊరుకోను. వెంట వచ్చినవాళ్లనూ అడుగుతాను. ఊకె లొల్లి చేసే మనిషి ఎవరైనా ఉంటే, ముందు కుర్చీ వేసి కూర్చోబెడతాను.