ఏడవని బిడ్డ

సిరిసిల్లలో మా ఇంటి ముందుగదిలో నాలుగు మరమగ్గాలుండేవి. అవి నడుస్తుంటే పక్క మనిషి అరిచి చెప్పినా వినపడదు. నా కూతురికి మూడో నెలలోనే రబ్బరు పీక అలవాటు చేశాను. అది నోట్లో ఉంటే ఏడ్చేది కాదు. బిడ్డను పక్కన పడుకోబెట్టుకుని నూలు కండెలు చుట్టుకునేదాన్ని. ఎంత నెమ్మదైన పిల్లో అని వాడకట్టంతా మెచ్చుకునేది.

రెండేళ్లు దగ్గరపడ్డా ఒక్క మాట రాలేదు. కోరుట్ల నుంచి వచ్చిన మా అమ్మ ఆ పీక చూసి మొహం చిట్లించింది.

"గది నోట్ల ఉంటే పిల్ల ఎట్ల మాట్లాడ్తది? తీసి పారెయ్."

ఆ రోజే కత్తిరించి పారేశాను. బిడ్డ మూడు రోజులు గుక్కపట్టి ఏడ్చింది. నాలుగో రోజు ఊరుకుంది. ఇక మాటలొస్తాయని అందరం దాని నోటి వంకే చూశాం. నెల గడిచింది. ఏమీ రాలేదు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మగ్గాలు ఆగాయి. బిడ్డ తలెత్తి చూసింది. ఆగిన ప్రతిసారీ అలాగే చూసేది. అందుకే దాని చెవుల మీద మాకెప్పుడూ అనుమానం రాలేదు. అంతలో వంటింట్లో మా అత్తమ్మ చేతిలోంచి స్టీలు బిందె జారింది. నేను ఉలిక్కిపడ్డాను. బిడ్డ కదల్లేదు. నేలకు ఆనించిన తన అరచేతుల్ని చూసుకుంటోంది. వెనక నిలబడి పిలిచాను. చప్పట్లు కొట్టాను. తిరగలేదు. మగ్గాలు ఆగిన సంగతి దానికి ఇన్నాళ్లూ చెప్పింది నేల అదురేనని అప్పుడు తెలిసింది.

"దీనికి ఇనవడ్తలేదు అత్తమ్మా" అన్నాను.

జగిత్యాలలో పరీక్షలు చేసిన డాక్టరమ్మ, పుట్టుకతోనే వినికిడి చాలా తక్కువని చెప్పింది. పీక వల్లేనా అని అడిగాను.

"దాంతోని చెవులు పోలేదమ్మా. కానీ అది నోట్ల ఉందని, మాటెందుకు వస్తలేదో ఎవ్వరూ అడగలే."

చెవులకు మిషన్లు పెట్టించాం. ఇంటికి తెచ్చిన రోజు మగ్గాల మోతకు బిడ్డ కెవ్వుమని నా మెడను కరుచుకుంది. ఇప్పుడు నాలుగేళ్లు. నీళ్లు, వద్దు, అమ్మ అంటుంది. పోయిన కాలం ఎంతవరకు పూడుతుందో చెప్పలేమంటారు.

నాకిప్పుడు ఏడో నెల. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా ముందు భయమే వేస్తుంది. పుట్టగానే చెవుల పరీక్ష చేయాలని కాన్పు చీటీ మీద ఇప్పటికే రాయించుకున్నాను.